లైసెన్స్ వాషింగ్టన్‌ది, రోడ్డు కౌంటీది

న్యూయార్క్‌కు తూర్పున లాంగ్ ఐలాండ్ చేపలా పడుకొని ఉంటుంది. తల మాన్‌హటన్ వైపు, చీలిన తోక అట్లాంటిక్ వైపు. పొడవు సుమారు 190 కిలోమీటర్లు. వంతెనలు, సొరంగాలు అన్నీ తల దగ్గరే. తోక వైపు కాపురముండేవాళ్లు కారెక్కి దీవి దాటాలంటే ముందు పడమటికి రావాల్సిందే, లేదంటే రేవులో పడవ కోసం నిలబడాలి. ఉత్తరపు ఒడ్డున షోర్‌హమ్ అనే ఊరి దగ్గర 600 కోట్ల డాలర్ల దాకా మింగిన అణు విద్యుత్ కేంద్రం ఒకటి ఉంది. అది వ్యాపార ఉత్పత్తి మొదలుపెట్టకుండానే మూతపడింది. పటంలో కనిపించే ఈ నైసర్గిక స్వరూపమే అందుకు మూలం.

అమెరికా చూడటానికి వచ్చిన తెలుగువాళ్లు నయాగరాకు వెళ్తారు, స్వేచ్ఛా విగ్రహం ముందు ఫోటో దిగుతారు. శ్రీకాకుళం జిల్లాలో తహసీల్దారుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన మాత్రం క్వీన్స్‌లో ఉంటున్న మేనల్లుణ్ణి షోర్‌హమ్ చూపించమన్నారు. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు రియాక్టర్లు కడతామని ప్రభుత్వం చెప్పినప్పటి నుంచీ ఆయన మనసులో ఒక లెక్క తేలకుండా ఉండిపోయింది. తుఫాన్లప్పుడు ఊళ్లు ఖాళీ చేయించిన అధికారికి వచ్చే లెక్క అది. ఎంతమంది జనం, ఎన్ని బస్సులు, ఏ దారి?

ఫ్లషింగ్ గణేశ్ గుడి కింద క్యాంటీన్‌లో దోశలు తిని బయలుదేరారు. లాంగ్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కగానే కార్లు బారులు తీరాయి. ఈ రోడ్డును స్థానికులు ప్రపంచంలోకెల్లా పొడవైన పార్కింగ్ స్థలమని ఎకసెక్కం చేస్తారు. వేసవి శుక్రవారం, అందులోనూ మధ్యాహ్నం. సముద్రతీరంలో వారాంతం గడపడానికి నగరం సగం తూర్పుకు కదిలినట్టుంది.

“ఇంకో దారి లేదుట్రా?”

“ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి ఉన్నాయి మావయ్యా. అవీ ఇలాగే ఉంటాయి.”

అరవై ఎనిమిదో ఎగ్జిట్ దగ్గర విలియం ఫ్లాయిడ్ పార్క్‌వే ఎక్కి ఉత్తరానికి తిరిగితే రద్దీ పలచబడి పైన్ చెట్లు మొదలవుతాయి. పక్కనే బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల. ఆ రోడ్డు చివర 25ఏ మీద ఎర్ర ఇటుకల భవనం ఒకటి ఉంది. 1901లో నికొలా టెస్లా ఇక్కడే స్థలం తీసుకుని, తీగల్లేకుండా సందేశాలూ కరెంటూ పంపుతానని 187 అడుగుల టవర్ లేపాడు. పెట్టుబడి ఆగిపోయింది, 1917లో టవర్‌ను కూల్చేశారు. ఇంత చిన్న ఊరికి కరెంటు పేరుతో ఇన్ని కష్టాలేమిటో! ఇప్పుడు టెస్లా స్థలం మ్యూజియంగా మారుతోంది. అణు కేంద్రానికి ఆ మర్యాద కూడా దక్కలేదు.

గేటు లోపలికి సందర్శకులను రానివ్వరు. వేడింగ్ రివర్ బీచ్ నుంచి చూడాల్సిందే. ఇసుక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. అవతలి ఒడ్డు కనెక్టికట్. పడమటి వైపు చెట్ల మీదుగా కిటికీలు లేని పెద్ద కట్టడం పైకి లేచి ఉంటుంది. పొడవాటి కూలింగ్ టవర్లు లేవు. చల్లబరచడానికి ఈ సముద్రపు పాయ నీళ్లే వాడదామనుకున్నారు. కుక్కను తిప్పుతున్నవాళ్లు, గాలాలు వేసినవాళ్లు ఆ కట్టడం వైపు కన్నెత్తి కూడా చూడటం లేదు.

స్థానిక విద్యుత్ కంపెనీ లాంగ్ ఐలాండ్ లైటింగ్, అందరి నోటా లిల్కో. 1966లో ఈ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు వేసిన అంచనా ఏడున్నర కోట్ల డాలర్ల లోపే. తరవాత సామర్థ్యాన్ని 820 మెగావాట్లకు పెంచారు. 1973లో నిర్మాణానికి అనుమతి వచ్చింది. డిజైన్ మార్పులు, కార్మిక వివాదాలు, ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పడి ఖర్చు దాదాపు ఎనభై రెట్లు పెరిగింది. ఇలాంటి కథలు అణు పరిశ్రమలో చాలా ఉన్నాయి. షోర్‌హమ్‌ను ప్రత్యేకం చేసింది ఖర్చు కాదు.

1979 మార్చి 28న పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం జరిగింది. రెండు నెలలు తిరిగేసరికి, జూన్ 3న, షోర్‌హమ్ గేటు దగ్గరా తీరంలోనూ సుమారు పదిహేను వేల మంది చేరారు. వందల మందిని అరెస్టు చేశారు. అంతకన్నా పెద్ద దెబ్బ మరుసటి ఏడాది నిబంధనల రూపంలో తగిలింది. రియాక్టర్ చుట్టూ పది మైళ్ల మేర జనాన్ని కాపాడే ప్రణాళిక లేనిదే పూర్తి లైసెన్స్ ఇవ్వమని అమెరికా అణు నియంత్రణ కమిషన్ 1980లో తేల్చింది. ఆ ప్రణాళికను విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా పరిశీలించాలి. పది మైళ్లంటే పదహారు కిలోమీటర్లు. మన దేశంలోనూ అత్యవసర ప్రణాళిక పరిధి సరిగ్గా అంతే.

ఇక్కడే మెలిక ఉంది. 1954 నాటి అణుశక్తి చట్టం ప్రకారం రియాక్టర్ భద్రత పూర్తిగా వాషింగ్టన్ పరిధిలోది. రాష్ట్రానికి గానీ, మన జిల్లా వంటి కౌంటీకి గానీ ‘ఈ రియాక్టర్ సురక్షితం కాదు, వద్దు’ అనే హక్కు లేదు. ఖర్చు ఎక్కువ, లాభసాటి కాదు అని రాష్ట్రం ఆపవచ్చని 1983లో కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది గానీ భద్రత మాట మాత్రం ఎత్తకూడదు. అయితే ప్రమాదం జరిగితే చౌరస్తాలో నిలబడాల్సిన పోలీసు కౌంటీ పోలీసు. జనాన్ని ఎక్కించుకోవాల్సినవి స్కూలు బస్సులు. రోడ్డు ఏ వైపు మూయాలో, ఏ వైపు తెరవాలో చెప్పాల్సింది స్థానిక ప్రభుత్వం. లైసెన్స్ వాషింగ్టన్ ఇస్తుంది, ఆ లైసెన్స్‌కు అవసరమైన ప్రణాళిక మాత్రం కౌంటీ చేతుల్లో ఉంది.

షోర్‌హమ్ ఉన్న సఫోక్ కౌంటీ ఈ సందు పట్టుకుంది. నిపుణులతో సొంతంగా అధ్యయనం చేయించింది. 1983 ఫిబ్రవరి 17న కౌంటీ శాసనసభ 15–1 ఓట్లతో తీర్మానించింది: ఈ దీవిలో జనాన్ని క్షేమంగా తరలించడం సాధ్యం కాదు, కాబట్టి కౌంటీ ఏ ప్రణాళికా తయారు చేయదు, ఎవరి ప్రణాళికనూ అమలు చేయదు. అప్పుడే గద్దెనెక్కిన గవర్నర్ మారియో కువోమో కౌంటీ వెనక నిలబడ్డారు. రియాక్టర్ భద్రతను వాదనగా పెట్టలేదు. మా రోడ్లు చాలవు అన్నారు, అంతే.

ఈ వాదనకు బలం ఇచ్చినవి ఇంజనీరింగ్ లెక్కలకన్నా మనుషుల లెక్కలే. త్రీ మైల్ ఐలాండ్ దగ్గర గవర్నర్ అయిదు మైళ్ల లోపలి గర్భిణులను, బడి ఈడు రాని పిల్లలనే వెళ్లిపొమ్మన్నారు. అంటే కొన్ని వేల మంది. కదిలింది మాత్రం 1,44,000 మందని తరవాత చేసిన సర్వేలో తేలింది. చెప్పినవాళ్లకన్నా చెప్పనివాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువగా రోడ్డెక్కారు. లాంగ్ ఐలాండ్‌లో అదే జరిగితే? కేంద్రానికి పడమట, ప్రమాదపు పరిధి బయట ఉన్నవాళ్లే ముందు కార్లెక్కి ఎక్స్‌ప్రెస్‌వే నింపేస్తే, పరిధి లోపలివాళ్లు వాళ్ల వెనక ఇరుక్కుపోతారు. తూర్పున తోక వైపు ఉన్నవాళ్లయితే రియాక్టర్ మీదుగానే పడమటికి రావాలి. ఇంకో ప్రశ్న, బస్సు డ్రైవర్లది, అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులది. సైరన్ మోగితే డ్యూటీకి వెళ్తారా, ముందు పెళ్లాంబిడ్డల దగ్గరికి వెళ్తారా? యేల్ విశ్వవిద్యాలయం సమాజశాస్త్రవేత్త కై ఎరిక్సన్ వంటివారు కౌంటీ తరఫున ఈ విషయం మీదే సాక్ష్యమిచ్చారు.

బీచ్‌లో రాయి మీద కూర్చుని మేనల్లుడి ఫోన్‌లో ఇదంతా చదివించుకున్న తహసీల్దారుగారికి 2018 అక్టోబర్ తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. “తుఫానుకు మనం కాళ్లావేళ్లా పడినా జనం కదలరు. ఇక్కడేమో కదలొద్దన్నా కదిలారు. ఈ రెంటికీ ఒకటే ప్రణాళిక పనికిరాదురా” అన్నారు. తుఫానుకు రెండు మూడు రోజుల ముందే కబురు అందుతుంది. గాలి కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది, వెళ్లిపోయాక అయిపోయినట్టు తెలుస్తుంది. రేడియేషన్‌కు ఈ మూడూ లేవు. జిల్లా కచేరీల్లో తయారయ్యే విపత్తు ప్రణాళికల్లో ఒకదాని పేజీలు ఇంకోదానిలోకి ఎత్తి రాయడం మామూలే. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

కౌంటీ కాదంటే లిల్కో ఊరుకోలేదు. తన ఉద్యోగులతోనే ఒక అత్యవసర దళాన్ని తయారు చేసింది. మీటర్లు చూసేవాళ్లు, లైన్‌మెన్లు, గుమాస్తాలు ప్రమాదం రోజున ట్రాఫిక్ నడిపిస్తారు, జనానికి సూచనలిస్తారు. ప్రైవేటు కంపెనీకి పోలీసు అధికారం ఎక్కడిదని రాష్ట్ర న్యాయస్థానం 1985 ఫిబ్రవరిలో ఆక్షేపించింది. అయినా 1986 ఫిబ్రవరి 13న కసరత్తు జరిగింది. తన విధుల్ని ఇంకెవరైనా అభినయిస్తే నేరమంటూ కౌంటీ అప్పటికప్పుడు ఒక చట్టం చేయగా, ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని కసరత్తుకు కొద్ది రోజుల ముందే నిలిపేశారు. సముద్రపు పాయ ఒడ్డున పల్లెల్లో లిల్కో ఉద్యోగులు పోలీసుల పాత్ర వేస్తుంటే, అసలు పోలీసులు చేతులు కట్టుకుని ఉన్నారు. ఈ దృశ్యాన్ని ఏ నాటకకర్తా ఊహించి ఉండడు. పరిశీలించిన ఫెమా ప్రాంతీయ అధిపతి ఫ్రాంక్ పెట్రోన్, జనాన్ని కాపాడగలమన్న భరోసా ఇవ్వలేమని నివేదికలో రాశారు. ఆ మాట తీసేయమని పైనుంచి ఒత్తిడి రావడంతో ఏప్రిల్‌లో రాజీనామా చేశారు. అదే నెల 26న చెర్నోబిల్ పేలింది.

అంతకుముందు ఇంకో పరీక్ష కూడా జరిగిపోయింది. 1985 సెప్టెంబర్ 27న గ్లోరియా తుఫాను లాంగ్ ఐలాండ్‌ను తాకింది. కొన్ని ఇళ్లకు వారం దాటినా కరెంటు రాలేదు. కంపెనీ ఛైర్మన్ ఆ సమయంలో విదేశంలో సెలవులో ఉన్నారు. తీగలు సరిచేయలేనివాళ్లు రియాక్టర్ నడుపుతారట అన్న మాట ఇంటింటికీ పాకింది. కౌంటీ వకీళ్లు ఏళ్ల తరబడి వాదించి సాధించలేని ఏకాభిప్రాయాన్ని గ్లోరియా ఒక్కరోజులో తెచ్చిపెట్టింది.

ఈ పోరును దేవదానవ యుద్ధంగా చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. షోర్‌హమ్, వేడింగ్ రివర్ పిల్లలు చదివే బడులకు అప్పట్లో వచ్చిన పన్నుల్లో పెద్ద వాటా ఈ కేంద్రానిదే. అక్కడ చాలామంది మూతపడకూడదనే కోరుకున్నారు. సఫోక్ కౌంటీ పాలనాధికారి పీటర్ కొహలాన్ మొదట ప్రణాళికను వ్యతిరేకించి, 1985లో మాట మార్చి కసరత్తుకు సహకరిస్తామన్నారు. శాసనసభ ఆయన మీదే కోర్టుకెళ్లింది. నిజంగా ప్రమాదమే జరిగితే కౌంటీ పోలీసులు చూస్తూ కూర్చుంటారా అన్న ప్రశ్నకూ కౌంటీ దగ్గర గట్టి జవాబు లేదు. కమిషన్ సరిగ్గా ఆ బలహీనత మీదే కొట్టింది. 1987లో నిబంధన సవరించి, స్థానిక ప్రభుత్వం ఇప్పుడు కాదన్నా ఆపద వేళ శక్తికొద్దీ సాయం చేస్తుందనే అనుకుని కంపెనీ ప్రణాళికను బేరీజు వేస్తామంది. 1988 నవంబర్‌లో అధ్యక్షుడు రీగన్, స్థానిక ప్రభుత్వాలు తప్పుకున్న చోట ఫెమా రంగంలోకి దిగాలని ఉత్తర్వు ఇచ్చారు. కౌంటీలు పట్టుకున్న సందును అలా పూడ్చేశారు.

షోర్‌హమ్ విషయంలో మాత్రం అప్పటికే ఆలస్యమైంది. అప్పుల్లో కూరుకుపోయిన లిల్కో, 1989 ఫిబ్రవరిలో గవర్నర్‌తో ఒప్పందానికి వచ్చింది. కేంద్రాన్ని ఒక్క డాలర్‌కు రాష్ట్రానికి అమ్మేయాలి, బదులుగా కంపెనీ చార్జీలు పెంచుకోవచ్చు. ఏప్రిల్‌లో కమిషన్ పూర్తి సామర్థ్యపు లైసెన్స్ ఇచ్చింది కూడా! అప్పటికి అది చెల్లని నోటు. అయిదు శాతం శక్తితో చేసిన పరీక్షలన్నీ కలిపితే రియాక్టర్ పూర్తి శక్తితో రెండు రోజులు నడిచినంత. ఆ మాత్రానికే లోపలి భాగాలు కలుషితమయ్యాయి. 560 ఇంధన కట్టలను పడవల మీద పెన్సిల్వేనియాలోని లిమరిక్ కేంద్రానికి పంపారు. తీసుకున్నందుకు వాళ్లకే ఎదురు నాలుగున్నర కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. 1994కల్లా విప్పదీత పూర్తయింది. బిల్లు ఎవరు కట్టారు? లాంగ్ ఐలాండ్ వినియోగదారులే, దశాబ్దాల పాటు, నెలనెలా. మేనల్లుడి స్నేహితులు ఇప్పటికీ కరెంటు బిల్లు చూసి షోర్‌హమ్‌ను తిట్టుకుంటారట. గెలిచిన కౌంటీ ప్రజలు ఆ గెలుపు ఖరీదు కట్టుకున్నారు.

పోర్ట్ జెఫర్సన్ రేవులో కారును ఫెర్రీ ఎక్కించి గంటంబావులో కనెక్టికట్ చేరి, అక్కడి నుంచి 95వ నంబరు హైవే మీద ఉత్తరానికి పోతే న్యూహాంప్‌షైర్ తీరంలో, ఇదే పోరు చూసిన ఇంకో అణు కేంద్రం సీబ్రూక్ వస్తుంది. హాంప్టన్ వంతెన మీద నుంచి చూస్తే ఉప్పుగడ్డి చిత్తడి నేలకు అవతల గుండ్రటి గుమ్మటం. ఇది పనిచేస్తోంది, 1990 నుంచీ. బీచ్‌లో ఇసుక కనిపించనంత జనం. వెళ్లే రోడ్లు ఇరుకు, అడుగడుగునా ఐస్‌క్రీమ్ కొట్లు, రోడ్డు దాటే పిల్లలు. పెద్దాయన కారు అద్దం దించి తల బయట పెట్టి, వంతెన ఎన్ని వరుసలో లెక్కపెట్టారు.

సీబ్రూక్ ఊరు 1976లోనే ఓటు వేసి కేంద్రం వద్దంది. ఆ ఓటుకు చట్టంలో విలువ లేదు. 1977 మేలో నిర్మాణ స్థలంలో బైఠాయించిన 1,414 మందిని అరెస్టు చేసి, చాలామందిని దాదాపు రెండు వారాల పాటు సైనిక గిడ్డంగుల్లో ఉంచారు. పది మైళ్ల వలయం రాష్ట్ర సరిహద్దు దాటి మసాచుసెట్స్‌లో ఆరు పట్టణాలను తాకుతుంది. చెర్నోబిల్ తరవాత, 1986 సెప్టెంబర్‌లో, మసాచుసెట్స్ గవర్నర్ మైకేల్ డుకాకిస్ సఫోక్ బాటే పట్టారు. మా పట్టణాలకు ప్రణాళిక ఇవ్వం అన్నారు. కంపెనీ ఏం చేసిందో తెలుసా? వలయాన్నే పది మైళ్ల నుంచి ఒక మైలుకు కుదించమని అడిగింది. కమిషన్ ఒప్పుకోలేదు. పట్టణాలు సైరన్ స్తంభాలు పీకించేస్తే, సైరన్లను ట్రక్కుల మీదికి ఎక్కించి తిప్పడానికి ఏర్పాటు చేసుకుంది. ప్రధాన యజమాని అయిన పబ్లిక్ సర్వీస్ కంపెనీ 1988 జనవరిలో దివాలా తీసింది. అయినా కొత్త నిబంధన పుణ్యమా అని లైసెన్స్ వచ్చేసింది.

ఒకే ఎత్తుగడ, రెండు ఫలితాలు. తేడా ఎక్కడ? న్యూయార్క్‌లో కౌంటీ, రాష్ట్రం ఒక్క మాట మీద నిలబడ్డాయి, కేంద్రమూ అదే రాష్ట్రంలో ఉంది కాబట్టి కొనేసి మూసే అధికారం గవర్నర్ దగ్గర ఉంది. సీబ్రూక్‌లో కాదన్నది పక్క రాష్ట్రం. కేంద్రం ఉన్న రాష్ట్ర గవర్నర్ జాన్ సునును గట్టిగా కావాలన్నవాడు. తప్పుకోవడం వల్ల కాలం కలిసొస్తుంది, ఖర్చు పెరుగుతుంది, అంతకుమించి అది నిర్ణయం చేయలేదు. ఇంకో సంగతి: తప్పుకున్నా రియాక్టర్ వస్తే మాత్రం అత్యంత నష్టపోయేది తప్పుకున్న ఊరే. ప్రణాళిక లేకుండా మిగిలిపోతుంది. మసాచుసెట్స్ తరవాత బెట్టు వీడి ప్రణాళికలో చేరింది. ఆ పట్టణాల్లో ఇప్పుడు తరలింపు దారుల సమాచారం ఇళ్లకు అందుతుంది, అయొడైడ్ మాత్రలూ ఇస్తారు.

మన దేశంలో ఈ బేరసారాలకు చోటు ఇంకా తక్కువ. భద్రతా అనుమతి అణుశక్తి నియంత్రణ బోర్డు ఇస్తుంది. ప్రమాదం జరిగితే అణు కేంద్రం గేటు బయట జనాన్ని కాపాడే భారం కలెక్టర్‌ది, అంటే ప్రభుత్వం ప్రభుత్వానికే పూచీ పడుతుంది. పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడవచ్చు, పంచాయతీ తీర్మానం చేయవచ్చు, ఆ తీర్మానం ప్రాజెక్టును ఆపలేదు. కొవ్వాడకు వస్తాయంటున్న వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు మొదట గుజరాత్‌లోని మిఠీవిర్డీకి అనుకున్నవి. అక్కడి రైతులు ఎదురుతిరగడంతో ఆంధ్రా తీరానికి మళ్లాయి. ఒక్కొక్కటి 1,208 మెగావాట్లు, మొత్తం ఆరు. ఉత్తరాంధ్ర మత్స్యకారులు బతుకుతెరువు కోసం ఆ గుజరాత్ తీరానికే వలస పోతుంటారు.

కొవ్వాడ చుట్టూ పదహారు కిలోమీటర్ల వలయం గీస్తే రణస్థలం, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు, జాతీయ రహదారి అందులోకే వస్తాయి. ఆ వలయంలో ఇల్లున్న పాఠకులు రియాక్టర్ కావాలనేవాళ్లయినా, వద్దనేవాళ్లయినా ఒక పని చేయవచ్చు. రాబోయే గ్రామసభలో తరలింపు ప్రణాళిక అడగండి: మా ఊరికి ఎన్ని బస్సులు, ఏ డిపో నుంచి, వేటకెళ్లిన పడవలకు కబురు ఎలా, షిఫ్టులో ఉన్న కార్మికులు ఏ దారిన, హైవే నిండిపోతే రెండో దారి ఏది? జవాబులు నోటిమాటగా ఒప్పుకోకండి, మినిట్స్‌లో ఎక్కించి నకలు తీసుకోండి.